బావ చూడని నెబ్యులా

మా బావ నక్షత్రశాలలో వ్యాఖ్యాత. ఇరవై రెండేళ్లుగా ఒకే నెబ్యులా మీద, అంటే చుక్కలు పుట్టే మబ్బు మీద, ఒకే పాఠం అప్పజెబుతూ జీతం తీసుకుంటున్నాడు. "వాయువూ ధూళీ తమ బరువుకి తామే కుంగి, వేడెక్కి, నక్షత్రాలై వెలుగుతాయి" అనే చోట ఎడమ చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి ఏనాడూ తప్పలేదు. తల మాత్రం ఏనాడూ ఆకాశం వైపు ఎత్తలేదు. ఆయనకి చలిగాలి పడదట!

అక్క అలా కాదు. ఆరేసిన బట్టలు తియ్యడానికి డాబా ఎక్కినప్పుడల్లా పిట్టగోడకి ఆనుకుని, పాత బైనాక్యులర్స్‌తో పైకి చూసేది. బావ లైబ్రరీ నుంచి తెచ్చి, తెరవకుండానే తిరిగిచ్చే పుస్తకాలన్నీ చదివేది ఆవిడే.

"చుక్కలు చూస్తే కూర ఉడుకుతుందా?" అని బావ వెటకారం. ఆ నోటికి అంతకంటే ఏం తెలుసు!

ఒక శీతాకాలపు సాయంత్రం ఏడింటికి ప్రొజెక్టర్ చెడిపోయింది. హాల్లో అరవై మంది ఉన్నారు. "మేడ మీదికి తీసుకెళ్లి అసలుదే చూపించండి" అన్నాడు మేనేజరు. బావ మఫ్లర్ చుట్టుకుని మెట్ల వైపు నడిచాడు. ఆయనకి టిఫిన్ డబ్బా తెచ్చిన అక్కా, ఆమెను స్కూటర్ మీద దింపిన నేనూ వెనకే మెట్లెక్కాం.

బావ గొంతు సవరించుకుని, ఎడమ చెయ్యెత్తి ఒక మసక వెలుగు చూపించాడు. "అదిగో, నక్షత్రాల పురిటిగది!"

"నాయనా, అది పెట్రోలు బంకు లైటు కాదూ?" అంది ఒక ముసలావిడ.

అందరూ గొల్లుమన్నారు. "మీకు తెలుసో లేదో చూద్దామనే అలా అన్నా" అని బుకాయించాడు బావ. మనిషికి సిగ్గుపడటం కూడా చేతకాదు.

అక్క డబ్బా నా చేతిలో పెట్టి ముందుకెళ్లింది.

"ఇటు చూడండి. వరసగా మూడు చుక్కలున్నాయా? వాటి కింద, ఊపిరి తగిలిన అద్దంలా మసగ్గా ఉంది చూశారా, అదే. కొత్తగా పుట్టిన చుక్కల వల్లే ఆ మబ్బంతా వెలుగుతోంది. ఇంకా కొన్ని ధూళి పొత్తిళ్లలోనే ఉన్నాయి, మన కంటికి ఆనవు."

తన చేతిసంచిలోంచి, ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకునే బైనాక్యులర్స్ తీసి ముసలావిడకిచ్చింది. ఆవిడ చాలాసేపటిదాకా తిరిగివ్వలేదు.

ఆ వారం నుంచే శనివారాలు మేడ మీది పాఠం అక్కకిచ్చాడు మేనేజరు.

"మరి వంటో?" అన్నాడు బావ.

"ఆ పూట మీరు చెయ్యండి" అంది అక్క, చెప్పులేసుకుంటూ.

ఇప్పటికీ ఆయన కింది హాల్లో అదే పాఠం చెబుతూనే ఉన్నాడు, జనం కునుకు తీస్తూనే ఉన్నారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "ఆవిడకి ఇదంతా నేర్పింది నేనే" అని చెప్పుకుంటాడు. అక్క విని ఊరుకుంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది.