పక్క ప్లేటు

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాను ఆనుకుని ఉన్న ఆ ప్రయోగశాలకు తబిత అందరికంటే ముందే వస్తుంది. మనిషి కాలేయ కణాలను ప్లేట్లలో పెంచి, ఏ మందు వాటిని ఎంత దెబ్బతీస్తుందో చూడడం ఆమె పని. మందు వేయకముందే కణాలు చస్తే ఆ పరీక్షకు విలువ లేదు. తబితవి తరచూ అలాగే చస్తాయి. తన తర్వాత చేరిన పద్మప్రియవి మాత్రం నిగనిగలాడుతుంటాయి. అందుకే కోటు వేసుకోగానే వెచ్చటి పెట్టెలోంచి తన ప్లేటు తీసి బల్లమీద పెట్టినా, వేడి పలక ఉన్న మైక్రోస్కోపు కింద ముందుగా పద్మప్రియది పెడుతుంది. ఒక్క కణమైనా ముడుచుకుందేమోనని పెదవి కొరుక్కుంటూ మూలమూలా వెతుకుతుంది. కొత్త నొప్పిమాత్ర పరీక్షను రేపు ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తారు.

ఆమె అలా వెతుకుతుండగానే పద్మప్రియ ఫోన్ చేసింది.

"అక్కా, పాపకు జరం వచ్చింది, ఇయ్యాల వస్తలేను. కొంచెం నా ప్లేటు చూస్తవా? రోజూ చూస్తనే ఉంటవ్ గద."

తబిత చెవులు వేడెక్కాయి. "ఏదో, ఎప్పుడైనా ఒకసారి..." అని నసిగింది.

"చూస్తే ఏమైతది గని, నాది చూసినంతసేపు నీది బయట పెట్టకక్కా. సల్లబడి సస్తున్నయ్ అవి."

బల్లమీది ప్లేటు తాకితే చల్లగా తగిలింది. తబిత దాన్ని పెట్టెలో పెట్టి తలుపు వేసింది. తర్వాత మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగి, పద్మప్రియ కణాలను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. ఒక్కటీ చావలేదు.