పార్కులో నేను వెతికిన బిడ్డ

దయ్యాల మాటెత్తితే నవ్వే ఇంట్లో పుట్టాను నేను. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. రాత్రిపూట మగ్గం గుంతలోంచి చప్పుడొస్తే పిల్లలం వణికేవాళ్ళం. నాయన దీపం తెచ్చి ఎలుకను చూపించి, "ఇదేనా మీ దయ్యం?" అనేవాడు. ఆ పెంపకం నాది. దయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. ఈ సంగతి బయటపెట్టడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే భయపడి కాదు, సిగ్గుపడి.

డెబ్బైల చివర మేం ఆదోనిలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. రెండు గదుల అద్దె ఇల్లు, పిల్లలు ఆడుకోవడానికి వాకిలి కూడా లేదు. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్ళను మునిసిపల్ పార్కుకు తీసుకుపోయేదాన్ని. మా సురేషుకు ఎనిమిదేళ్ళు, లలితకు ఐదు. పక్కింటి ఖైరున్ తన కూతురు షమీమ్‌ను కూడా నాతో పంపేది. ఆమె భర్త దర్జీ. ఆదివారం కూడా ఆమెకు కాజాలు కుట్టే పని ఉండేది.

ఏడాది పొడుగునా వెళ్ళాం. ఎండాకాలంలో రాతి బెంచీ చీరలోంచి చురుక్కుమనేది. కావలి కాశిం తాత మొక్కలకు నీళ్ళు పెట్టేదాకా పిల్లలు నీడలోనే ఉండేవాళ్ళు. వానలు పడ్డాక నల్లరేగడి చెప్పులకు అంటుకుని అడుగు పడేది కాదు, షమీమ్ చెప్పులు చేత్తో పట్టుకునే నడిచేది. దసరా సెలవుల్లో బంతిపూల మడుల దగ్గర జనం కిటకిటలాడేవారు. చలికాలం వచ్చేసరికి మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది మొక్కలన్నిటికీ పట్టుకునేది. లలిత దాన్ని ఏరి బొమ్మకు దిండు చేసేది.

ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రం నాకు ఒక ఇబ్బంది ఉండేది. గేటు దాటుతుంటే, ఒక బిడ్డ లోపలే ఉండిపోయిందనిపించేది. వెనక్కి తిరిగి చూసేదాన్ని. ముగ్గురూ నా పక్కనే ఉండేవాళ్ళు. మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత ఆ అనుమానం ప్రతి ఆదివారం వచ్చేది. సురేషు కనిపెట్టి నవ్వేవాడు. "అమ్మ మల్లా లెక్క పెడ్తాంది" అని షమీమ్‌కు సైగ చేసేవాడు. మా ఆయనతో చెప్పలేదు. ఏమని చెప్పాలి?

ఆ చలికాలంలో ఒక ఆదివారం మా ఆయన పనిచేసే షావుకారు భార్య కూడా చుట్టాలతో పార్కుకు వచ్చింది. నేను లేచి పలకరించాను. ఆమె పెద్దరికంగా తల ఊపింది. పొద్దు వాలుతోంది. పిల్లలు బొరుగులు తింటున్నారు. ఇక పోదామని లేచాను.

గేటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే అనుమానం. ఈసారి తిరిగి చూడలేదు. చూడకుండానే అరిచాను. గొంతు నాదే, మాటలు నావి కావన్నట్టుంది.

"బిడ్డ కనపడ్డంలేదు. ఈరన్నా, ఒరే ఈరన్నా!"

కాశిం తాత పరుగెత్తుకొచ్చాడు. "ఏం గుడ్డలేసుకున్యాడమ్మా?"

"నీలం చొక్కా. భుజమ్మీద పసుపుపచ్చ అతుకు ఉంది."

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాను. తాత ఇద్దరు మనుషులను పంపుసెట్టు వైపు పంపించాడు. కొందరు పొదల్లో వెతకసాగారు. షావుకారు భార్య కూడా లేచి నిలబడింది. వాళ్ళు వెతుకుతుండగా తాత నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నీకెంతమంది పిల్లోల్లమ్మా?"

"పక్కింటి పాపతో కలిపి ముగ్గురు."

"ముగ్గురూ ఈడనే ఉండారు కదమ్మా."

చూశాను. ముగ్గురూ నా కొంగు పట్టుకుని నిలబడి ఉన్నారు. బొరుగుల పొట్లాలు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. మా ఇంట్లో ఈరన్న అనేవాడే లేడు. నీలం చొక్కాకు అతుకేసిన గుర్తు అసలే లేదు.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. షావుకారు భార్య పక్కనున్నామెతో, "పాపం, మా గుమాస్తా పెండ్లామే. ఇంట్లో ఏం బాధలుండాయో" అంది. నాకు వినపడకూడదని కూడా అనుకోలేదు. సురేషు నా చెయ్యి పట్టి లాగాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు.

"పోదాం రామ్మా. అందరూ చూస్తాండారు."

ఆ మాటకు నేను పడిన సిగ్గు ఇప్పుడు చెప్పినా ఒళ్ళు ముడుచుకుపోతుంది. కొడుకు నన్ను చూసి సిగ్గుపడిన రోజు అది.

కాశిం తాత నా పరువు కాపాడాలనే కాబోలు, "పొరపాటయ్యిందిలే, వచ్చేయండప్పా" అని పంపుసెట్టు వైపు కేకేశాడు. ఒకడు వచ్చేశాడు. రెండోవాడు రాలేదు. "ఉండు తాతా, ఈడేదో ముక్కుతాంది" అన్నాడు.

అక్కడ వాడకం లేని నీళ్ళ తొట్టి ఒకటి ఉంది. పైన రేకు కప్పి ఉంటుంది. రేకు ఒక మూల కుంగి ఉంది. లాగి చూస్తే అడుగున మోకాలి లోతు నీళ్ళలో, గోడకు ఆనుకుని ఒక పిల్లవాడు. ఆరేళ్ళుంటాయి. పైకి తీస్తే చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

నీలం చొక్కా. భుజం మీద పసుపుపచ్చ అతుకు.

అప్పుడు నవ్వినవాళ్ళెవరూ నవ్వలేదు. అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళ నవ్వే నయమనిపించింది.

వాడు గోనెగండ్ల నుంచి పత్తి మిల్లు కూలికి వచ్చినవాళ్ళ బిడ్డ. వాళ్ళ గుడిసెలు పార్కు గోడకు ఆనుకునే ఉన్నాయి. మధ్యాహ్నం గోడ సందులోంచి లోపలికొచ్చి పడిపోయాడు. మిల్లులో ఉన్న తల్లికి బిడ్డ కనపడడం లేదన్న సంగతే తెలియదు. ఎవరో చెబితే తల నిండా దూదితో, "ఈరా, ఈరా" అంటూ పరుగెత్తుకొచ్చింది. బిడ్డను హత్తుకుని ఏడ్చింది. తర్వాత వచ్చి నా కాళ్ళ మీద పడింది.

"నా కొడుకును యాడ చూసినావు తల్లీ? పేరెట్లా తెలిసె?"

"చూడలేదమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది. నమ్మలేదు. నేనైనా నమ్మను.

ఆ రాత్రి మా ఆయనతో అంతా చెప్పాను. "మన పక్క ఈరన్న లేని వీధి యాడుంది? నోటికొచ్చింటుంది" అన్నాడు. నిజమే. "మరి అతుకు?" అన్నాను. ఆయన దీపం ఆర్పాడు. "పండుకో" అన్నాడు.

మర్నాటి నుంచి వీధి కుళాయి దగ్గర రెండు మాటలు పుట్టాయి. నా మీదికి అమ్మవారు వస్తుందని కొందరు, పిల్లవాడు పడడం చూసి కూడా నోరు మెదపక చివరికి నాటకమాడానని కొందరు. మొదటి మాట నమ్మినవాళ్ళు చంటిపిల్లలను తెచ్చి తల మీద చెయ్యి పెట్టమనేవారు. రెండోది నమ్మినవాళ్ళు నేను రాగానే బిందెలు ఎత్తుకుని పోయేవారు. నేను ఎవరి ముందూ తల ఎత్తలేకపోయాను. ఖైరున్ మాత్రం ఎప్పటిలాగే షమీమ్‌ను పంపింది. "వాళ్ళేమన్నా అనుకోనీలే అక్కా. పిల్లోల్లకు పార్కు మాన్పించొద్దు" అంది. ఆమె కోసమే మళ్ళీ వెళ్ళాను.

ఎనభైల మధ్యలో మేం ఎమ్మిగనూరు వచ్చేశాం. ఒకరోజు బస్టాండులో ఒక కుర్రవాడు వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. వెనకాల వాళ్ళమ్మ. నేను పోల్చుకోలేదు. ఆమె పోల్చుకుంది, "వీడే మా ఈరన్న" అంది.

నాకు మళ్ళీ ముఖం ఎర్రబడింది. "నేను చేసిందేమీ లేదు నాయనా. ఊరికే అరిచినా" అన్నాను.

"అరిచింది గాదమ్మా" అన్నాడు వాడు. "మద్యాన్నం నుంచి తొట్టి పైన కూసోని నాతో మాట్లాడ్తానే ఉంటివి గదా. నిద్రపోతే మునిగిపోతావు, నిద్రపోవద్దు నాయనా అంటివి. అందుకే కండ్లు మూయలే."

"నేను కాదప్పా" అన్నాను.

వాడు నవ్వి వాళ్ళమ్మ వైపు చూశాడు. "అడిగితే ఒప్పుకోదని నువ్వు సెప్తానే ఉంటివి" అన్నాడు.

వాడు తొట్టిలో ఉన్న ఆ మధ్యాహ్నం నేను మా ఇంట్లో బియ్యం ఏరుతున్నాను, ఖైరున్ పక్కనే కూర్చుని కాజాలు కుడుతోంది. ఆమెను అడిగినా అదే చెబుతుంది. తొట్టి మీద కూర్చున్నది ఎవరో, నా గొంతు ఆ బిడ్డకు ఎలా వినపడిందో నాకు తెలియదు. వాళ్ళ బస్సు వచ్చింది. ఆమె నా చేతిని కళ్ళకద్దుకుని ఎక్కింది. ఆ దండం ఎవరికి చేరాలో తెలియక, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచక అక్కడే నిలబడిపోయాను.