నర్సమ్మ తాగిన నీళ్లు

మొన్న మా అమ్మాయి తొమ్మిదో తరగతి పాఠం ఇల్లంతా వినబడేలా చదువుతూ, ఎయిడ్స్ అన్న మాట దగ్గర గొంతైనా తగ్గించలేదు; నేనే లేచి వీధి తలుపు వేసి వచ్చాను. ఆ మాట అచ్చులో కనబడితే గబుక్కున పేజీ తిప్పేసిన కాలం మనది, మీకూ గుర్తుండే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను గూళూరు హైస్కూల్లో పదో తరగతి చదివేటప్పుడు, లారీ తోలే నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. బాగేపల్లి ఆసుపత్రిలో పరీక్ష చేస్తే అమ్మకూ ఉందని తేలింది. ఊళ్లో మాత్రం నాన్న కామెర్లతో పోయాడనే చెప్పుకున్నాం. అమ్మ కంచం, లోటా అవ్వ వేరుచేసి పెరటి గట్టు మీద పెట్టించింది; చుట్టాలొస్తే వాటిని దాచే పని నాది.

అలాంటి రోజుల్లో ఆ జబ్బు గురించి చెప్పడానికి మా బడికి ఒక నర్సమ్మ వచ్చింది. చూడగానే తల వంచుకున్నాను. ఆసుపత్రిలో నా ఎదుటే అమ్మను కూర్చోబెట్టుకుని మాట్లాడిన మనిషే. నన్ను గుర్తుపట్టి, మీ అమ్మ ఎలా ఉందని ఒక్క మాట అడిగితే చాలు, ఇక ఆ బడిలో నేను తలెత్తుకోలేను. మేష్టరు మగపిల్లల్ని బయటికి పంపబోతే ఆవిడ వద్దని వాళ్లనీ కూర్చోబెట్టింది. నా వైపు చూసినా, ఎన్నడూ ఎరగనట్టే చూపు తిప్పుకుంది.

అంతలో ముందు బెంచీ పిల్ల లేచి, ఆ జబ్బున్న ఇంట్లో వాళ్ల నీళ్లు తాగితే మనకూ వస్తుందా అని అడిగింది.

"రాదమ్మా. ఒగే లోటాలో తాగినా రాదు, ఒగే తట్టలో తిన్నా రాదు, పక్కన పండుకున్నా రాదు," అంటూ నర్సమ్మ మా వరసలోకి నడిచి వచ్చి, గొంతెండిపోయిందని నా సీసా తీసుకుంది. మా వైపు ఎవరి నీళ్లయినా ఎత్తి పోసుకునే తాగుతారు, ఎంగిలి చెయ్యరు. ఆవిడ మూతి పెట్టి తాగి, ఏమీ ఎరగనట్టే సీసా నాకిచ్చేసింది. అందులోని అర్థం ఆ గదిలో నాకొక్కదానికే తెలిసింది.

ఆ సాయంత్రమే అమ్మ లోటా తెచ్చి మా లోటాల పక్కన బోర్లించాను. అవ్వ నోటికొచ్చినట్టు తిట్టింది గానీ మళ్లీ తీయించలేదు.

తరువాత మాత్రలు వచ్చాయి, అమ్మ నిలదొక్కుకుంది, నేటికీ నా వంటకు వంకలు పెడుతూనే ఉంది. ఇప్పటి పిల్లలు ఆ మాటను లెక్కల పాఠంలా చదివేస్తున్నారు. అమ్మ మాత్రలు బాగేపల్లి ఆసుపత్రిలోనే ఇస్తున్నా, నేను మాత్రం తెలిసిన ముఖాలు ఎదురుపడతాయని వాటికోసం చిక్కబళ్లాపురం దాకా పోతాను. బస్సులో ఎవరైనా అడిగితే చీరలకని చెబుతాను.

"జబ్బు నాకుంటే నీకేంటికే సిగ్గు?" అని అమ్మ ప్రతి నెలా అడుగుతుంది. నేను సంచీ తీసుకుని బయలుదేరుతాను.