సౌండు బంద్ చేసి చూసిన మనిషి

మా పెద్దబాపు పోయిన కబురు నాకు రైల్లో తెలిసింది. సాయంత్రం ఏడు గంటల టీవీ చర్చ కోసం మహబూబాబాద్‌లో ఎక్కి హైదరాబాద్ పోతున్నాను. కాజీపేట దాటాక పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ పెద్దబాపు లేడు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండు, గంతే" అంది. ఏడవలేదు. తర్వాత, "జనగామల దిగు" అంది. నాకు గుచ్చుకున్నది ఆ రెండో మాటే. ఎందుకంటే నాలుగు నెలలుగా నేను ఆ స్టేషన్లో దిగడం లేదు. రైలు అక్కడ ఆగిన రెండు నిమిషాలూ ప్లాట్‌ఫారం కనపడకుండా అటువైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

ఆయన మా బాపుకు అన్న. నెల్లికుదురు నుంచి చిన్న వయసులోనే జనగామ వచ్చి వడ్ల వ్యాపారంలో కుదురుకున్నాడు. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఎన్నికల కాలం వస్తే టీవీల్లో కూర్చుని మాట్లాడతాను. తెర మీద నా పేరు కింద 'రాజకీయ విశ్లేషకులు' అని పట్టీ వేస్తారు. మొదటిసారి అది చూసి ఆయన ఫోన్ చేశాడు. "విశ్లేషకులంటే ఏంది రా? ఏ పని జేస్తరు?" అన్నాడు. ఎవరు ఎందుకు గెలుస్తారో చెప్తామన్నాను. "గెలిచినంక చెప్తరా, గెలవకముందు చెప్తరా?" అని అడిగాడు. రెండూ చెప్తామన్నాను. "మంచి బేరమే" అని ఫోన్ పెట్టేశాడు.

ఆయన టీవీ చూసే పద్ధతి వేరు. సాయంత్రం స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, బొట్టు పెట్టుకుని, ఉతికిన ధోతి కట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. చర్చ మొదలవగానే రిమోట్ తీసుకుని సౌండు బంద్ చేసేవాడు. రెండు మూడు నిమిషాలు అలాగే చూసేవాడు. నోళ్ళు ఆడుతుంటాయి, మాట రాదు. ఆ తర్వాతే సౌండు పెట్టేవాడు, అదీ మనిషి నచ్చితే.

ఇదేం పద్ధతని ఒకసారి అడిగాను. మార్కెట్ సంగతి చెప్పాడు. తేమ వడ్లు తెచ్చిన మనిషి సంచిలో పైన రెండు దోసిళ్ళు ఎండిన వడ్లు పోసుకొస్తాడట. అట్లాంటి మనిషి ఎన్ని మాటలు చెప్పినా, ఎన్ని ఒట్లు పెట్టినా, అతని చెయ్యి మాత్రం సంచి మూతి మీద నుంచి లేవదట. "నేను వాని ముచ్చట వినకపోయేటోణ్ణి బిడ్డా. చెయ్యి సూసెటోణ్ణి. చెయ్యి తీసినోని సంచిల సగానికి చెయ్యి వెట్టి గింజ కొరికెటోణ్ణి. తియ్యనోని సంచి ముట్టకపోయేటోణ్ణి." తేమ కొలిచే యంత్రాలు వచ్చాక కూడా ఆయన ముందు గింజ కొరికి, తర్వాత యంత్రం చూసి, యంత్రం సరిగ్గానే చెప్తున్నదని ఒప్పుకునేవాడు.

ఆయన పాతకాలం మనిషి. ఆ మాట తానే చెప్పుకునేవాడు, అందులో సిగ్గుపడేదేం లేదన్నట్టు. ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే అందుకునే వాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. పెద్దవయసు మనిషిని పట్టుకుని పేరుతో పిలిచే యాంకర్లంటే ఇంకా మంట. బల్ల గుద్దేవాళ్ళను 'బల్లోళ్ళు' అనేవాడు. కాగితాలు చూపించి చూపించి చదవనివాళ్ళను 'కాగితపోళ్ళు' అనేవాడు. ఒక పెద్దమనిషి ప్రతి చర్చకూ వచ్చి, ఏం అడిగినా "ప్రజలు గమనిస్తున్నారు" అనేవాడు. పెద్దబాపు తెరకేసి చూసి, "నేను ప్రజనే. గమనిస్తలేను. చాయ్ తాగుతున్న" అనేవాడు, నిజంగానే చాయ్ తాగుతూ.

అభ్యర్థుల విషయంలో ఇంకా కచ్చితం. బండి మీద నిలబడి చేతులు జోడించినవాడికి ఓటు వెయ్యనన్నాడు. దండం పెట్టాలంటే కిందికి దిగి, చెప్పులు విడిచి పెట్టాలి. కండువా మార్చినవాణ్ణి ఒకసారి క్షమిస్తాడు, రెండోసారి మార్చితే ఇంట్లో వాడి పేరు కూడా ఎత్తనివ్వడు. ఉచితంగా ఇస్తామన్న ప్రతివాణ్ణీ అనుమానించేవాడు. ఇక్కడే మాకు గొడవ. పేదవాడికి ఇస్తే తప్పేమిటని నేను, ఇచ్చేటప్పుడు మనిషి తల దించుకోకుండా ఇవ్వాలె అని ఆయన. అన్నం ముందు ఈ ముచ్చట వద్దని పెద్దమ్మ. ఆ ఇంట్లో చివరికి నెగ్గేది పెద్దమ్మే.

ఆయనలో నాకు నచ్చనివీ ఉన్నాయి. పోయిన మనిషి కదా అని దాచిపెడితే ఆయనకే నచ్చదు. ఆడవాళ్ళకు రాజకీయాలెందుకని చాలా ఏళ్ళు అన్నాడు. ఒకసారి మున్సిపాలిటీ ఎన్నికల్లో కౌన్సిలర్‌గా నిలబడ్డ ఒకామె ఓటడగడానికి దుకాణానికి వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పెద్దబాపు మొహమాటానికి చాయ్ తెప్పించాడు. ఆమె గ్లాసు అందుకోలేదు. మూటలు మోస్తున్న హమాలీలను చూపించి, "ముందుగాల వాళ్ళకియ్యండ్రి, నేను కూసున్నదాన్నే గద" అంది. వాళ్ళందరూ తాగాకే ఆమె తాగింది. ఆయన ఓటు ఎవరికి వేశాడో నాకు తెలియదు. పెద్దమ్మకూ చెప్పేవాడు కాదు. కానీ ఆ తర్వాత ఆడవాళ్ళ గురించిన ఆ మాట ఆయన నోట నేను మళ్ళీ వినలేదు.

నేను టీవీలో మాట్లాడిన ప్రతిసారీ, చర్చ అయిన పది నిమిషాలకు ఫోన్ వచ్చేది. "చేతులెక్కువ ఊపుతున్నవ్." "ఆ పిల్ల అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి." "ఇయ్యాల మంచిగ మాట్లాడినవ్ గని కాలర్ మాసింది." ఒక్కోసారి ఆ ఫోన్ మీద చిరాకు పడేవాణ్ణి. స్టూడియో మెట్లు దిగుతూ ఫోన్ జేబులోంచి తీసి చేతిలో పట్టుకునేవాణ్ణి కూడా.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికే మూడుసార్లు లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను.

ఒక చర్చలో గోదావరి పక్క ఊళ్ళ సంగతి వచ్చింది. అక్కడి రైతులు ఒక అభ్యర్థి మీద కోపంగా ఉన్నారని నేనన్నాను. అవతలి ఆయన నవ్వి, "హైదరాబాద్‌లో కూర్చుంటే మీకెట్లా తెలుసు?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. "మొన్న ఆదివారం మహదేవపూర్ మండలంలో నాలుగు ఊళ్ళు తిరిగి వచ్చాను. రైతులు నా చేతులు పట్టుకుని చెప్పారు" అన్నాను. అవతలి ఆయన వేరే విషయానికి పోయాడు. నేను తిరగలేదు. అటువైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు ఫోన్లో చెప్పిన మాట అది. ఆ ఆదివారం నేను మహబూబాబాద్‌లో ఇంట్లో ఉన్నాను.

ఇట్లాంటివి టీవీలో రోజూ నడుస్తాయి, ఎవరూ పట్టుకోరు. కానీ పెద్దబాపు బిడ్డను ఇచ్చింది మహదేవపూర్‌కే. మా అక్క ఆ చర్చ చూసింది. చూసి, వాళ్ళ నాయినకు ఫోన్ చేసి ఏడ్చిందట. తమ్ముడు మా మండలం దాకా వచ్చాడు, నాలుగు ఊళ్ళు తిరిగాడు, మా గడప తొక్కలేదు, మేమేం తప్పు చేశామని.

పది నిమిషాలకు రావలసిన ఫోన్ ఆరోజు అరగంటకు వచ్చింది. ఆయన గొంతు మామూలుగా లేదు. "అక్క ఇంటికి ఎందుకు పోలే? మంచినీళ్ళు తాగనీకి గూడ అక్క యాదికి రాలేదా?" అన్నాడు. ఆడబిడ్డ ఇంటి ముందు నుంచి పోయి లోపలికి పోకపోవడమంటే ఆయన దృష్టిలో మామూలు తప్పు కాదు. నాకు రెండే దారులు. అక్కను లెక్కచేయలేదని ఒప్పుకోవాలి, లేకపోతే అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి.

"నేను మహదేవపూర్ పోనేలేదు పెద్దబాపూ. ఊకెనే అన్న" అన్నాను.

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత, "పోయి కలవకపోతే అక్కకు మాత్రమే కోపమొచ్చేది. పోకుండనే 'పోయిన' అన్నవ్ సూడు, గది అందరిని మోసం జేసుడు" అన్నాడు.

"టీవీల అందరు గట్లనే అంటరు" అన్నాను.

"అందరు నా తమ్ముని కొడుకులా?" అన్నాడు. "ఏడ అన్నవో ఆడనే మళ్ళ చెప్పు, పోలేదని. గప్పటిదాక నీ మాట వినను. సౌండు బంద్ వెట్టి ముఖం సూస్త, మంచిగున్నవో లేదో ఎరుకైతది."

అక్కకు ఫోన్ చేసి చెప్తే ఆమె పడీ పడీ నవ్వింది. ఆమెకు అంతటితో అయిపోయింది. నాకు కాలేదు. టీవీలో కూర్చుని నేను అబద్ధం చెప్పానంటే రేపటి నుంచి ఎవరు పిలుస్తారు? అదీ నా భయం. ముసలాయన చాదస్తమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రైలు జనగామలో ఆగినప్పుడల్లా మొహం తిప్పుకున్నాను. చర్చ అయిన పది నిమిషాలకు ఫోన్ మోగేది కాదు. మెట్లు దిగుతూ ఫోన్ చేతిలో పట్టుకునే అలవాటు మాత్రం పోలేదు.

నాలుగు నెలలు అలా నెట్టుకొచ్చాను. ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు, ఒక చర్చలో మళ్ళీ ఆ ఊళ్ళ ప్రస్తావన వస్తే, నాకే తెలియకుండా చెప్పేశాను. "ఇదివరకు ఇక్కడే నేను ఆ ఊళ్ళు తిరిగానని అన్నాను. తిరగలేదు. తప్పు చెప్పాను" అన్నాను. యాంకర్ వెంటనే చిన్న విరామం అంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నేను నాలుగు నెలలు భయపడిందంతా ఒక ప్రకటన నడిచే సమయంలో తేలిపోయింది.

ఆ సాయంత్రం పది నిమిషాలు చూశాను, అరగంట చూశాను. ఫోన్ రాలేదు. సౌండు పెట్టలేదేమో, వినలేదేమో అనుకున్నాను. నేనే చేసి చెప్పవచ్చు. చెప్పిన పని చేశాను కదా, ఆయనే చెయ్యాలని బిగదీసుకున్నాను. తొమ్మిది రోజులు బిగదీసుకున్నాను. పదో రోజు రైల్లో ఉండగా పెద్దమ్మ ఫోన్ వచ్చింది.

ఆయన విన్నాడా లేదా అన్నది నన్ను నిద్రపోనివ్వలేదు. కర్మ జరిగినన్నాళ్ళూ ఇంటి నిండా జనం, ఎవరినీ అడగలేకపోయాను. నెల మాసికం రోజు పొద్దున్నే జనగామ పోయాను. పెద్దమ్మ ఒక్కతే ఉంది. టీవీ నడుస్తున్నది, సౌండు లేదు. ముందురోజు సాయంత్రం చర్చ మళ్ళీ వేస్తున్నారు. అందులో నేనున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, ఆనాటి నా మాట ఆయన విన్నాడా అని అడిగాను.

"సౌండు పెట్టలే" అంది పెద్దమ్మ. "ఆయన పట్టింపు ఎరుక గద. గని ఆనాడు నిన్ను సూసి ముందుకు జరిగి కూసున్నడు. 'చేతులు ఒడిల వెట్టుకున్నడే, ఇయ్యాల ఏందో నిజం చెప్తున్నడు' అన్నడు. తెల్లారి మీ అక్క ఫోన్ జేసి, 'తమ్ముడు టీవీల గిట్ల అన్నడు నాయినా' అని చెప్పింది. 'నాకెరుకే, నేను సూసిన' అన్నడు."

"మరి నాకెందుకు చెయ్యలే?"

"ఫోన్ ఇటు తే అన్నడు. తెచ్చినంక చేతుల వట్టుకొని కూసున్నడు. 'వద్దులే, వాడే చేస్తడు' అన్నడు. రోజు గంతే. సాయంత్రమైతే ఫోన్ పక్కకు వెట్టుకునుడు."

ఒకే ఇంటి మనుషులం మరి, ఇద్దరం ఒకే తీరు బిగదీసుకున్నాం. రెండు ఊళ్ళలో రెండు ఫోన్లు తొమ్మిది సాయంత్రాలు ఎదురుచూశాయి. ఒక్కసారి జనగామలో దిగి ఉంటే సరిపోయేది.

సౌండు పెడదామని రిమోట్ అందుకున్నాను. "ఉండనీ బిడ్డా, గిట్లనే అలవాటైంది" అంది పెద్దమ్మ. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తెర మీద నేను గట్టిగా ఏదో చెప్తున్నాను. తల ఊపుతున్నాను, కనుబొమలు ఎగరేస్తున్నాను. నిన్న ఏం మాట్లాడానో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు.

కాసేపటికి పెద్దమ్మ తెర వైపు వేలు చూపించి, "ఆ చెయ్యి గట్లెందుకు వెట్టినవ్?" అని అడిగింది.

నా ముందు బల్ల మీద కాగితాల దొంతర ఉంది. కుడిచెయ్యి గాలిలో తిరుగుతున్నది. ఎడమచెయ్యి ఆ కాగితాల మీద బోర్లించి ఉంది. చర్చ అయిపోయి, అందరూ నమస్కారం పెట్టేదాకా అది అక్కడి నుంచి లేవలేదు.