చదివినదానికి కూలి

మొన్న ఆదివారం మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి నా మంచం మీద కూర్చుంది. ప్రేమకథ రాస్తున్నదట, వారానికి రెండు భాగాలు ఫోన్‌లోనే పెడుతున్నదట, చదివినవాళ్లు ఎలా ఉందో కిందనే రాస్తారట. షోలాపూర్ నీలం నగర్‌లో పుట్టి మరాఠీ బడిలో చదువుకున్న పిల్ల కనుక తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. కథ నోటితో చెబితే ఫోనే రాసుకుంటుందని, అందులో తప్పులు నేను చూసిపెట్టాలని ఆమె కోరిక. "అమ్మమ్మా, ఎట్లుందో ఖరే జెప్పు. ఉగీచ్ మంచిగుంది అనకు," అన్నది. నిజం చెప్పమని, ఊరికే మెచ్చుకోవద్దని అడిగే ధైర్యం ఆ వయసులో నాకు లేదు. కళ్లు నొప్పిగా ఉన్నాయి, రేపు చూస్తానని పంపించేశాను. నొప్పి అబద్ధం కాదు గాని అసలు కారణం వేరు. ఒక నవల రాసి, దాన్ని అచ్చులో చూసుకుని, ఆ తర్వాత ఒక్క పేజీ కూడా రాయని మనిషిని నేను. ఈ వీధిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. నా ఈడువాళ్లు మీరైనా వింటారని చెబుతున్నాను.

మాది కుంఠా నాకా దగ్గర ఒకప్పుడు పేరున్న ఇల్లు. తాత తెలంగాణ పల్లె నుంచి కట్టుబట్టలతో షోలాపూర్ వచ్చి, ముప్పై చేతిమగ్గాల కారఖానా నిలబెట్టాడు. వీధిలో సగం మంది మా మగ్గాల మీద నేసేవాళ్లే. పండుగనాడు వాళ్ల ఆడవాళ్లు చాటలు తెచ్చుకుని మా వాకిట్లో వరసగా నిలబడితే తాత స్వయంగా బియ్యం పోసేవాడు, నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఎక్కడ బతికినా ఇంట్లో తెలుగు చదువు పోకూడదని ఒక పంతులును కూడా పెట్టాడు, ఆడపిల్లనని నన్ను పక్కన పెట్టలేదు. తర్వాత పవర్‌లూములు వచ్చాయి, మా చీరల మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, తాత పోయాడు, చీరల తర్వాత ఎత్తుకున్న చద్దర్ల, అంటే దుప్పట్ల, వ్యాపారం నాన్నకు అబ్బలేదు. ఇల్లూ కారఖానా అమ్ముకుని, అదే వీధి చివర, మా కూలివాళ్లు ఉండే వరసలో రెండు గదుల్లోకి మారాం. నాన్న ఇస్త్రీ ధోవతి కట్టుకుని, ఎవరో పని మీద రాబోతున్నట్టు పొద్దున్నే గడప ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లోపల అమ్మ తలుపు దగ్గరికి వేసి బీడీలు చేసేది. తలుపు వేసుకున్నా తంబాకు వాసన బయటికి వస్తుందని అమ్మకు తెలుసు, వీధికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

మా గదులకు మూడో ఇల్లు వదినది. చుట్టరికం ఏమీ లేదు, ఆ వరసలో ప్రతి మనిషికీ ఏదో ఒక వరస ఉండేది, అంతే. ఆమె తల్లి మా కారఖానాలో నూలు కండెలు చుట్టేది. వదిన వాకిట్లో రేకుల కింద పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్లు. అందరి నోటా తెలుగే గాని చదవడం వచ్చినవాళ్లు లేరు. అందుకని హైదరాబాదు నుంచి వారపత్రిక రాగానే నన్ను పిలిచేవాళ్లు. ధారావాహికలు నేను పైకి చదివేదాన్ని. ఆ వాకిట్లో ఒక పద్ధతి ఉండేది. చదివే మనిషి చేతులు పుస్తకం మీద ఉంటాయి గనుక ఆమె బీడీలు ఆగిపోతాయి. కాబట్టి లేచి పోయేముందు ప్రతి ఒక్కరూ తమ చాటలోంచి గుప్పెడు బీడీలు తీసి ఆమె చాటలో వేయాలి. నేను మొదటి రోజే వద్దన్నాను. తెల్లవారుజామున అమ్మతో పాటు కూర్చుని ఆ రోజు బీడీలన్నీ చేసేసి, ఒట్టి చేతులతో వెళ్లేదాన్ని. "మాలక్ బిడ్డ మన సొమ్ము ముట్టది," అని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులో ఎగతాళి కొంచెమే ఉండేది. నాకు మాత్రం మాలక్ బిడ్డ, అంటే యజమాని బిడ్డ, అనడం గౌరవంలాగే వినిపించేది.

ఇతరుల కథలు చదివీ చదివీ నాకూ రాయాలని పుట్టింది. కారఖానా నుంచి మిగిలిన సామానులో, చీర అంచులు గీసే గళ్ల కాగితాల కట్ట ఒకటి ఉంటే వాటి వెనక రాశాను. కారఖానా యజమాని కూతురు, ఆమెను ప్రేమించే నేతగాడు, మధ్యలో పరువు. పన్నెండు అధ్యాయాలు రాసి వారపత్రికకు పంపాను. రెండు నెలలు పోస్టుమాన్ కోసం నాన్న కుర్చీ పక్కనే నిలబడ్డాను. నాన్నకు కూడా ఉత్తరాలంటే ఆశే కనుక, ఇద్దరం ఒకరినొకరు ఏమీ అడగకుండా ఎదురుచూసేవాళ్లం. చివరికి కట్ట తిరిగొచ్చింది. పైన ఒక చీటీ మీద సంపాదకుడు ఎర్ర సిరాతో ఒకే వాక్యం రాశాడు. భాష బాగుంది, మనుషులు కనబడలేదు అని. ఆ చీటీ మడిచి బియ్యం డబ్బా కింద దాచాను, ఎవరైనా చూస్తారని.

మనుషులు ఎందుకు కనబడలేదో అడగడానికి నాకు ఎవరున్నారు. ఒక మధ్యాహ్నం నా కాగితాలు వారపత్రిక లోపల పెట్టుకుని, ఎవరో రచయిత్రి కథ అన్నట్టు వదిన వాకిట్లో చదవడం మొదలుపెట్టాను. కథానాయకుడు మగ్గం ముందు నిలబడి చంద్రుడి గురించి మాట్లాడే చోట ఒకామె ఆగలేకపోయింది. "వీడు గిట్ల మాట్లాడుకుంట కూసుంటే పొద్దుమీకేదాక సగం చద్దరు గూడ దిగదు," అన్నది. "ఊకో అక్కా, మాలక్ బిడ్డ కోసం ఉపాసమన్న ఉంటడు తియ్యి," అన్నది ఇంకొకామె. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. దారం పళ్లతో తెంపి, "గా పిల్లకు చేతులున్నయా?" అని అడిగింది. "పొద్దటి సంది కిటికీ కాడనే నిలవడ్డది. ఇంట్ల పని ఎవలు జేస్తున్నరు? రాసినామెకు ఉత్తరం రాయి పిల్లా, మేం గిట్లన్నమని." ఆమె చూపు పత్రికలోంచి బయటికి కనబడుతున్న గళ్ల కాగితం అంచు మీద ఉంది. రాసినామె ఎవరో ఆమెకు తెలిసిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. అయినా ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఆమె ఆ మాట బయట పెట్టలేదు.

నవలంతా తిరగరాశాను. ఈసారి నాయిక ఇల్లు అమ్ముడుపోయింది, ఆమె తలుపు వేసుకుని బీడీలు చేస్తుంది, వేళ్ల చివర తంబాకు నలుపు పోకపోతే ఎవరైనా వచ్చినప్పుడు చేతులు కొంగు కింద పెట్టుకుంటుంది. చంద్రుణ్ణి తీసేశాను. వారం వారం చదువుతుంటే, ఎక్కడ వాళ్లు దగ్గుతున్నారో, ఎక్కడ పక్కవాళ్లతో మాట్లాడుతున్నారో చూసుకుని, ఇంటికి వచ్చి ఆ చోట్లు కొట్టేసేదాన్ని. బీడీలు చేసే చేతులు ఊరికే ఆగవు. ఏడుస్తూ చేస్తారు, నవ్వుతూ చేస్తారు, చూడకుండా చేస్తారు. ఆ చేతులు ఆగాయంటే కథ నిలబడినట్టు. ఏ సంపాదకుడు ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ వాకిలి చెప్పినంత నాకు చెప్పలేడు.

చివరి అధ్యాయానికి ముందు అధ్యాయం చదివిన రోజు అవి ఆగాయి. నేతగాడు వచ్చి మూసిన తలుపు ముందు నిలబడి, లోపలికి పిలుస్తావా, వెళ్లిపొమ్మంటావా అని అడిగే చోట నేను తల ఎత్తి చూస్తే పదిమంది చేతులు చాటల్లో కదలకుండా ఉన్నాయి. నా బతుకులో అంతటి సంతోషం అంతకుముందు లేదు, తర్వాత లేదు. తర్వాత ఏమైందో వచ్చే వారం చదువుతానని లేచాను. ఆ పొద్దున అధ్యాయం సాఫు రాసుకుంటూ కూర్చోవడంతో నా బీడీలు సగమే అయ్యాయి. మిగిలిన ఆకు అక్కడే చేసుకుందామని చాట వెంట తెచ్చుకున్నాను. వాళ్లు అది చూశారు. ఒకరి తర్వాత ఒకరు గుప్పెడు గుప్పెడు బీడీలు అందులో వేశారు. వాళ్ల చేతులు ఆగిపోయిన రోజు, ఎవరి పనీ పూర్తికాని రోజు.

నాకు మాత్రం తాత వాకిలి కనబడింది, చాటల వరస కనబడింది, ఆ వరసలో ఇప్పుడు నేను నిలబడ్డట్టు అనిపించింది. చాట చాప మీద కుమ్మరించాను. మా ఇంటి అన్నం తిన్నవాళ్ల చేతి దానం మాకు అక్కర్లేదన్నాను. అన్న తర్వాత నా గొంతు నాకే నాన్న గొంతులా వినిపించింది. వదిన బీడీలు ఒక్కొక్కటే ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "దానం ఎవలు జేసిన్రు పిల్లా? ఇది సదివినదానికి కూలి. పండుగనాడు మీ తాత మా అమ్మ చాటల పోసిన బియ్యం గూడ దానం గాదు. ఏడాదంత కండెలు చుట్టినదానికి." నేను ఖాళీ చాటతో ఇంటికి వచ్చాను. పై వారం వెళ్లలేదు. ఆ పై వారం కూడా వెళ్లలేదు.

చివరి అధ్యాయం ఎవరికీ వినిపించకుండా రాశాను. నా నాయిక తలుపు తీయలేదు. అప్పుడు నాకు అదే న్యాయంగా తోచింది. పత్రికవాళ్లు నవల తీసుకున్నారు, మనుషులు కనబడుతున్నారని ఈసారి సంపాదకుడు పొగిడాడు గాని ముగింపు పాఠకులు ఒప్పుకోరని, ఆఫీసులోనే దాన్ని మార్చి, తండ్రి చేత తలుపు తీయించి పెళ్లి జరిపించారు. నేను ఎదురు రాయలేదు. అచ్చయిన పేరు చూసుకోవాలన్న ఆశ, నిజం చెప్పాలంటే, ఆ నాయిక మీద ప్రేమకన్నా ఎక్కువగా ఉండింది. నాన్న నా పేరు అచ్చయిన సంచిక చేత పట్టుకుని గడప ముందు కుర్చీలో నాలుగు రోజులు కూర్చున్నాడు. వదిన రెండుసార్లు కబురు పంపింది, కడమ ముచ్చట, మిగిలిన కథ, సదివి పొమ్మని. వెళ్లి క్షమించమని అడిగితే సరిపోయేది. తలనొప్పి అని కబురు పంపాను.

తర్వాత వాళ్లలో చాలామందికి కార్మికుల కాలనీలో ఇళ్లు వచ్చాయి, వదిన కూడా వెళ్లిపోయింది. కొన్నేళ్లకు బీడీలు అప్పజెప్పే చోట ఆ కాలనీ మనిషి ఒకామె నన్ను గుర్తుపట్టింది. నేను చదవనందుకు వాళ్లే కూర్చుని నా కథకు ముగింపు చెప్పుకున్నారట, అది ఇప్పటికీ పనిలో చెప్పుకుంటారట. "మస్తుంటది అక్కా, జెప్పాల్నా?" అన్నది. నా కథ నాకు తెల్వదా అని ముందుకు నడిచాను. ఆ మరుసటి ఏడు వదిన పోయింది. ఆ కాలనీ మనిషి మళ్లీ కనబడలేదు, మిగతావాళ్లూ తర్వాత ఒక్కొక్కరే పోయారు.

ఇప్పుడు గుండ్రంగా కూర్చునేవాళ్లు లేరు. ఎవరి గదిలో వాళ్లు టీవీ పెట్టుకుని బీడీలు చేస్తారు, అందులో ఎవరు ఏడ్చినా ఎవరు చచ్చినా చేతులు ఆగవు. తెలుగు మాట ఇంకా ఉంది, పైకి చదివి వినిపించే గొంతు లేదు, వింటూ మొఖం మీదనే తప్పు చెప్పే మనిషి లేదు. పక్క వాటా పిల్ల నన్ను అడిగింది ఆ మనిషిగా ఉండమనే. మేం పోగొట్టుకున్న కారఖానా కోసం నేను చాలా ఏళ్లు బాధపడ్డాను. ఈమధ్య ఆ బాధ ఎందుకో రావడం లేదు, తలుపు ముందు నిలబడిన ఆ నేతగాడే గుర్తొస్తాడు. నేను అతన్ని పొమ్మన్నాను, పత్రికవాళ్లు పెళ్లిపీటల మీద కూర్చోబెట్టారు. ఆ పదిమంది ఆడవాళ్లు అతన్ని ఏం చేశారో, లోపలి పిల్ల చేత ఏమనిపించారో, అంత కాలం చెప్పుకునేంత మంచిదేదో, నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఇంక దారి కూడా లేదు.