రూఫస్ అంకుల్ అమ్మని చేపలు

మీరు నాంపల్లి రూఫస్ అంకుల్‌ని ఒక్కసారైనా కలిసి తీరాలి. స్టేషన్ వెనక సందులో ఆయనకి రంగు చేపల దుకాణం ఉంది. చిక్కల్లా ఒకటే: ఆయన చేపలు అమ్మరు. కొనేవాళ్ళని ఇంటర్వ్యూ చేసి, ఫెయిల్ చేసి పంపిస్తారు.

మొన్న అబిడ్స్ బట్టల షాపు శ్యామ్‌సుందర్ గారొచ్చి, మిస్ కేరళ అనే ఎర్రగీత చేప కావాలన్నారు.

"ఏడ పెడ్తవ్?"

"కౌంటర్ మీద, గాజు గిన్నెల."

"తిండి?"

"బ్రెడ్డు ముక్కలు."

"నిన్ను బకెట్ల కూసోబెట్టి రోజూ బ్రెడ్డేస్తే ఉంటవా సేటూ?"

తర్వాత అరగంట పాఠం. అది పడమటి కనుమల వాగు చేప. చల్లగా, జోరుగా పారే నీళ్ళు కావాలి. రాళ్ళ మీది పాచి, పురుగులు తింటుంది. గుంపు లేకపోతే బెంగ. అడవిలో ఇప్పుడు బాగా తగ్గిపోయింది. ఊరు మారుతూ ఎవరో వదిలేసిన ఆరింటిని అంకుల్ సాకుతున్నారు. సేటు ఖాళీ చేతుల్తో వెళ్ళారు.

నా బాధ వేరు. ఆ చేప ఏం ఇష్టంగా తింటుందో పదిహేను రోజుల్లో జువాలజీ ప్రాజెక్టు ఇవ్వాలి. లేకపోతే మార్కులు గోవిందా.

"ఒక్కటివ్వండి అంకుల్, హాస్టల్లో చూసుకుంటా."

"ఒక్కటా! ఒక్కతే ఉంటే తిండి ముడుతదా? మీ రూముకు కిటికీ ఉందా?"

"లేదు."

"మరి నువ్వెట్లుంటున్నవ్ బిడ్డా గాడ?"

"ఉంటున్నా."

"నువ్వుంటవ్. చేప ఉండది. గీ స్టూల్ మీద కూసొని రాస్కో."

రోజూ కాలేజీ కాగానే స్టూలెక్కేదాన్ని. తొట్టికి అటువైపు కూర్చుని ఆయనా నోట్‌బుక్‌లో ఏదో రాసేవారు. నా ముందు ఓ రోజు ఉప్మా, ఓ రోజు కైమా కూరిన లుఖ్మీ పెట్టేవారు. ఒక్కోసారి తనూ పక్కన కూర్చుని తినేవారు.

"తిను బిడ్డా. చేపలకు జర సిగ్గు. పక్కన ఎవలన్న తింటుంటెనే తింటయ్."

నేనది సైన్సనుకుని ప్రాజెక్టులో ఎక్కించేశాను కూడా!

ఆఖరిరోజు వివరాలు సరిచూద్దామని ఆయన నోట్‌బుక్ తెరిచాను. చేపల సంగతి నాలుగు పేజీలే. ఐదో పేజీలో నా పేరు:

"వైశాలి. ఉండేది: కిటికీ లేని రూం. ఒక్కతే. పొద్దున ఏం తినది. లుఖ్మీ: ఒక్కతే ఉంటే ఒకటి. పక్కన ఎవలన్న తింటుంటే మూడు."

"ఇదేంది అంకుల్?"

ఆయన నా వైపు చూడకుండా తొట్టి అద్దం తుడుస్తున్నారు. "లక్డీకాపూల్ల మా అక్క జయమణి ఇంట్ల రూం ఖాళీగుంది. రెండు కిటికీలు. నీ ఈడు పిల్లలు నలుగురున్నరు. అందరు కలిసే తింటరు. కాకపోతే ముందు అక్క ఇంటర్వ్యూ చేస్తది, ఫికర్ చెయ్యకు. నువ్వు పాసైతవని చెప్పిన."

సామాను సర్దుకునే ముందు ప్రాజెక్టు తెరిచాను. పక్కన ఎవరైనా తింటుంటేనే తింటుందన్న ఆ వాక్యాన్ని ఫలితాల్లోంచి కొట్టేసి, కృతజ్ఞతల పేజీలో రాసుకున్నాను. మీరైతే ఏం చేసేవాళ్ళు?