వార్డెన్ మేడమే మా నాయక్

మా కాలేజీ జనగామ దాటాక హైవే పక్కన, పత్తిచేల నడుమ ఉంటుంది. పేరులో ఇంటర్నేషనల్ అని ఉంది కాబట్టి గేటు దగ్గర పరాయి దేశాల జెండాలు వరసగా ఎగురుతుంటాయి. సుడాన్, నేపాల్, టాంజానియా పిల్లలు నిజంగానే మాతో చదువుతున్నారు, ఆ మాట కాదనను. కానీ పక్క జిల్లా తండా నుంచి వచ్చిన పిల్లను ఏ జెండా కింద నిలబెట్టాలో మా డైరెక్టర్ గారికి చాలాకాలం తోచలేదు. ఆ పిల్ల ఉమ, నా రూమ్మేట్. నా పేరు శ్వేత. జనగామ దగ్గరి పల్లెలో పాస్టర్ కూతుర్ని. ఉమ మంచం పక్క మంచం నాది కాబట్టి ఆమె గురించి రాసే హక్కు అందరికన్నా నాకే ఎక్కువని నా నమ్మకం.

ఉమది మరిపెడ దగ్గరి తండా. తండ్రి వాల్యా, తల్లి గంగి. కాస్త మిరపచేను ఉంది, చేనులో పని లేనప్పుడు కూలికి పోతారు. ఉమ ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ పెరిగింది, బడిలో తెలుగు నేర్చుకుంది, గురుకులంలో ఇంగ్లీషు పట్టుకుంది. చిన్నప్పుడు ఒక సారు, "మీ భాష మాట్లాడితే బెంచీ ఎక్కిస్తా" అన్నాడట. మరునాడు ఉమ ఎవరూ చెప్పకముందే బెంచీ ఎక్కి నిలబడి తండా పాట ఎత్తుకుంది. ఈ సంగతి వాళ్లమ్మ చెప్పి చెప్పి నవ్వుతుంది.

కాలేజీకొచ్చాక కూడా అంతే, ప్రతిదాంట్లో ఉమ ఉండాల్సిందే. వాలీబాల్, రక్తదానం, మెస్‌లో సాంబారు మీద తగువు, కల్చరల్ కమిటీ. సుడాన్ నుంచి వచ్చిన హనాన్‌కు విషజ్వరం వస్తే జనగామ దవాఖానలో పక్కనే కూర్చున్నది ఉమే. అప్పటినుంచి హనాన్ ఆమె తోక పట్టుకుని తిరుగుతుంది.

పోయిన శ్రావణంలో పరీక్షలు అడ్డం పడి ఉమ తీజ్ పండుగకు ఇంటికి వెళ్లలేకపోయింది. పెళ్లికాని ఆడపిల్లలు వెదురుబుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. ఉప్పూకారం లేని తిండి తింటారు. ఎవరెంత ఏడిపించినా కోపం తెచ్చుకోకూడదు. మొలకలు ఏపుగా వస్తే తండాకు మంచిది. నడుమ బుట్టలు కదిలితే కీడు. వీటన్నిటికన్నా ముందు తండా పెద్ద, అంటే నాయక్, సరే అనాలి. ఆయన మాట లేకుండా గింజ చల్లరు.

హాస్టల్లో నాయక్ ఎవరు? ఉమ బాగా ఆలోచించి వార్డెన్ సుశీల మేడమ్ దగ్గరికి పోయింది. వెనక నేనూ, హనానూ.

"మేడమ్, గీ తొమ్మిది దినాలు మీరే మా నాయక్. డాబా మీద తీజ్ పెట్టుకుంటం, మాటియ్యుండ్రి."

మేడమ్‌ది తెనాలి. మేం నోరు తెరిస్తే చాలు, ఆమెకు నవ్వాగదు. "గట్లనా? గిట్లనా?" అని వెక్కిరించి, "సరే, చేసుకోండి. డాబా మాత్రం పాడుచెయ్యకండి" అంది.

"మల్లొక్కసారి ఆలోచించుండ్రి మేడమ్. నాయక్ సరే అన్నంక ఎనకకు తీసుకునుడు ఉండదు."

"ఆస్తి రాసిస్తున్నానా ఏంటమ్మా? వెళ్లండి."

భూపాలపల్లి బొగ్గుబావి కార్మికుడి కొడుకు చిరంజీవి మా జూనియర్. పుట్టమన్ను తెమ్మంటే బస్తా భుజానేసుకుని తెచ్చాడు. ఉమ ఒక బుట్ట, హనాన్ ఒకటి, నేనొకటి, ఇంకా ఇష్టపడ్డవాళ్లు తలా ఒకటి. పరాయి పిల్లలతో తీజ్ ఏందని ఉమ వాళ్లమ్మ ఫోన్లో కేకలేసింది. "ఈడ నా తండ గిదే, యాడీ" అంది ఉమ. యాడి అంటే అమ్మ. మా బాపు ఏమంటాడోనని నేనూ భయపడ్డాను. "మొలకలకు నీళ్లు పోసుడు పాపమెట్లయితది బిడ్డా" అన్నాడు.

గోధుమ మొలకలు వేలెడంత లేచాక డైరెక్టర్ గారు మమ్మల్ని తన గదికి పిలిపించారు.

"వండర్‌ఫుల్, ఉమా! శుక్రవారం ఫారిన్ గెస్టులు వస్తున్నారు. డైవర్సిటీ డే పెడుతున్నాం. ఆ బుట్టలు స్టేజీ మీదికి తెండి. అద్దాల బట్టలేసుకుని మీరంతా ఒక డాన్స్ చెయ్యండి."

"శుక్రవారం ఆరో దినం సార్. తొమ్మిదో దినం దాక బుట్టలు కదిలియ్యరాదు. సోమవారం రమ్మనుండ్రి."

"సోమవారానికి వాళ్లు ఢిల్లీలో ఉంటారమ్మా. ఒక్క గంట, ఊరికే సింబాలిక్‌గా."

"మీకు సింబాలిక్ సార్. మాకు పండుగ. నడుమల కదిలితే తండకు కీడు."

"ఇక్కడ తండా ఎక్కడుంది?"

"మేం ఏడుంటే ఆడ."

ఆయన మొహంలో నవ్వు పోయింది. కాలేజీకి సహకరించనివాళ్లకు కల్చరల్ కమిటీలో చోటుండదన్నారు. "అయితే నా పేరు తీసెయ్యుండ్రి సార్" అంది ఉమ, మంచినీళ్లు అడిగినంత నెమ్మదిగా. ఆమెకు కోపం నిషేధం. ఇద్దరికీ సరిపడా నాకే వచ్చింది. రెండేళ్లు ఏ జెండా కిందా పట్టని పిల్ల, అద్దాల బట్టలు గుర్తొచ్చేసరికి వండర్‌ఫుల్ అయిపోయిందా?

శుక్రవారం పొద్దున నోటీసుబోర్డులో కమిటీ కాగితం మారింది. ఉమ పేరు లేదు. ఆ వెంటనే సుశీల మేడమ్ ఆయాసపడుతూ డాబా ఎక్కింది. చేతిలో తాళంకప్ప, వెనక బుట్టలు మోయడానికి ఇద్దరు అటెండర్లు.

"ఉమా, నా ఉద్యోగం సంగతి కూడా చూడు తల్లీ. ఒక్క గంటే కదా."

ఉమ బుట్టల ముందుకొచ్చి నిలబడింది. "మాటిచ్చింది మీరు మేడమ్. మాట తప్పుతున్నని మీ నోటితోనే చెప్పుండ్రి. బుట్టలు మేమే దించుతం. వేరేటోళ్లు ముట్టద్దు."

మేడమ్ చేతిలోని తాళంకప్పను అటూ ఇటూ తిప్పింది. హనాన్ ఇదేమీ పట్టనట్టు నీళ్లు చల్లుతూ, ఉమ నేర్పిన పాట తనకొచ్చిన రాగంలో పాడుతోంది. మేడమ్ ఆ పిల్లను చూసింది, పచ్చటి మొలకలను చూసింది. అటెండర్లను కిందికి పొమ్మంది. వాళ్లు దిగగానే లోపలివైపు నుంచి తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, నీళ్లట్యాంకు గట్టు మీద కూర్చుంది. కాసేపటికి ఆమె ఫోను మోగింది.

"బుట్టలు రావండీ. నాయక్ ఒప్పుకోలేదు."

అవతల డైరెక్టర్ గారు ఏదో గట్టిగా అడిగారు.

"నాయక్ ఎవరేంటండీ? నేనే."

ఉమ ఆ రోజు మొదటిసారి నవ్వింది. మేడమ్ అంటే నాకున్న చిరాకంతా అక్కడే పోయింది. స్టేజీ మీద డైవర్సిటీ డే ప్లాస్టిక్ పూలతో జరిగింది. ఉద్యోగం పోలేదు గానీ మేడమ్‌కు మెమో వచ్చింది. ఆమె దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పడేసింది.

సోమవారం బుట్టలు నెత్తిన పెట్టుకుని కాలేజీ వెనక కుంటకు నడిచాం. హాస్టలంతా వెంట వచ్చింది. నీళ్లలో కలిపే ముందు మొలకలు తెంపి అందరికీ పెట్టాలి. ఉమ మొదట నాయక్ జడలో తురిమింది. మేడమ్ కళ్లు తుడుచుకుంది. తర్వాత ఒక్కొక్కరూ తల వంచుతుంటే చెవుల మీద పెడుతూ పోయింది.

అప్పుడొచ్చారు డైరెక్టర్ గారు, సూటులో, ఫొటోగ్రాఫర్‌తో. సరిగ్గా గుంపు మధ్యలో నిలబడి, "మరి నాకేదమ్మా?" అన్నారు.

ఉమ గుప్పెడు మొలకలు తెంపి చేతిలో పట్టుకుంది. "గిది తీసుకున్నోళ్లు మాకు అన్నలెక్క సార్. అన్నంటే ఆడపిల్ల మాటకు అడ్డం రాడు, ఎనక నిలవడ్తడు. ఆలోచించుకొని తల వంచుండ్రి."

ఆయన ఫొటోగ్రాఫర్ వైపు చూశారు, మావైపు చూశారు, మెడలో టై సర్దుకున్నారు. తల మాత్రం వంగలేదు. ఉమ కాసేపు చూసి, అప్పటికే వంగి ఉన్న చిరంజీవి వైపు తిరిగింది.

"జర జల్ది పెట్టక్కా, నడుము పట్టుకపోతున్నది" అన్నాడు వాడు.

ఈ ఏడు కాలేజీ ప్రచార పుస్తకం అట్ట మీద ఆ రోజు కుంట దగ్గర తీసిన ఫొటోనే వేశారు. కింద పెద్ద అక్షరాలతో 'మా వైవిధ్యం' అని ఉంది. హనాన్, చిరంజీవి, మేడమ్, నేను, అందరికీ పచ్చటి మొలకలున్నాయి. నడిమధ్యన సూటు వేసుకున్న ఒక్క మనిషికి లేవు. ఉమను ఇప్పటికీ కమిటీలోకి తీసుకోలేదు. ఆమె ఆ అట్ట చింపి మా గది గోడకు అంటించింది. వచ్చినవాళ్లంతా, "గీయనకొక్కనికే లేదేంది?" అని అడుగుతారు.

"పొయ్యి ఆయన్నే అడుగుండ్రి" అంటుంది ఉమ.